బరువు తీసిన పాట

పోర్ట్‌బ్లెయిర్‌లో తెలుగువాళ్ళ పెళ్ళయినా, గంగమ్మ పండగైనా మైకు సెట్టు మణికుమార్‌దే. అబర్డీన్ బజార్లో మెట్ల కింద ఇరుకు కొట్టు, డెలానీపూర్‌లో రేకుల ఇల్లు, ఇంట్లో ఒక గది నిండా వైర్లు. పుట్టింది ఇక్కడే. వాళ్ళ తాత సోంపేట దగ్గర ఏదో ఊరి నుంచి ఓడెక్కి వచ్చాడట, అంతకు మించి ఆ ఊరితో ఇతనికి చుట్టరికం లేదు. తెలుగు గడగడా మాట్లాడతాడు, రాయమంటే తల గోక్కుంటాడు. పనితనం ఉన్న మనిషే, చాదస్తం పాలే కాస్త ఎక్కువ.

ఇంట్లో పాటలు రికార్డు చేసి క్యాసెట్లు అమ్మడం అతని రెండో వ్యాపారం. గోడలకు బొంతలు వేలాడదీసి, ఫ్యాను ఆపేసి, పాడేవాళ్ళ చేత చెమటలు కక్కించేవాడు. పాట తయారయ్యాక నాలుగు చోట్ల వినందే బయటికి వదిలేవాడు కాదు. ఇంట్లో పెద్ద స్పీకర్ల మీద, గుడి దగ్గర గరాటాలాంటి హారన్ స్పీకరు మీద, పోలిరాజు ఆటోలో, కాశమ్మ టీకొట్టులోని పాత టేప్‌రికార్డర్లో. ఇంట్లో కమ్మగా ఉన్న పాటే ఆటోలో వేస్తే గొంతు మునిగిపోయి డోలక్ ఒక్కటే దబదబలాడేది. హారన్ మీదికొచ్చేసరికి డోలక్ మాయమై గొంతు కీచుమనేది. మణికుమార్ మళ్ళీ ఇంటికి పరిగెత్తి ఒకటి తగ్గించి, ఇంకొకటి పెంచి తెచ్చేవాడు. పాటన్నది ఇంట్లో పులి, వీధిలో పిల్లి కాకూడదని అతని పట్టుదల.

"నన్ను కూడా నాలుగు చోట్ల చూసి వచ్చాకే చేసుకోవలసింది, పాపం తొందరపడ్డావు" అని అతని భార్య కళ్యాణి ఏడిపించేది.

కళ్యాణి నర్సు. పెళ్ళయిన కొన్నాళ్ళకే కార్‌నికోబార్‌లో పోస్టింగు పడింది. సెలవు దొరికినప్పుడు ఓడలో వచ్చేది, సెలవైపోగానే ఓడలో వెళ్ళిపోయేది. సునామీ వచ్చిన ఏడాది వానాకాలంలో అలాగే వచ్చింది. ఒక మధ్యాహ్నం వాన కాస్త తెరిపిచ్చిన వేళ, బొంతల గదిలో కూర్చుని తనంతట తానే ఒక పాట అందుకుంది. అది వాళ్ళమ్మ యర్రమ్మ పాట. యర్రమ్మ డిగ్లీపూర్‌లో ఊడుపులకు వెళ్ళే మనిషి, నాట్లు వేస్తూ పాడుకునేది.

"నారు నాటే చేతికి నీళ్ళే గాజులమ్మా…"

కళ్యాణిది సన్నని గొంతు కాదు. గుండెల్లోంచి వచ్చే నిండు గొంతు, పక్కన కూర్చున్నవాళ్ళకు చాప కింద నేల కూడా కొంచెం అదిరినట్టు ఉండేది. మణికుమార్ గబగబా మైకు పెట్టి రికార్డు చేశాడు. తరవాత తీరిగ్గా సరిచేద్దాంలే అనుకుని కంప్యూటర్లో ఉంచేశాడు. తీరిక మనకోసం కాచుకుని కూర్చుంటుందని ఆ వయసులో అందరం అనుకుంటాం.

డిసెంబరులో ఒక ఆదివారం పొద్దున్న భూమి కదిలింది, తరవాత సముద్రం వచ్చింది. కార్‌నికోబార్ నుంచి విమానాల్లో దింపిన ప్రతి మనిషినీ ఆపి అడిగాడు మణికుమార్. కళ్యాణిని అంతకుముందు రాత్రి డ్యూటీలో చూశామన్నవాళ్ళున్నారు, ఆ తరవాత చూశామన్నవాళ్ళు లేరు. శవం దొరకలేదు. దొరికితే ఒక ఏడుపు, దొరక్కపోతే రోజూ ఏడుపే.

ఏడాది తిరిగింది. సంవత్సరీకానికి డెలానీపూర్ ఇంటి ముందు షామియానా వేశారు. యర్రమ్మ డిగ్లీపూర్ నుంచి వచ్చింది. అత్తగారికి కూతురి గొంతు వినిపిద్దామని, ఎవరికీ చెప్పకుండా ఆ పాటను హారన్ మీద పెట్టాడు మణికుమార్. నాలుగు చోట్ల వినందే ఏదీ వదలనివాడు ఈ ఒక్కదాన్నీ వినకుండా వదిలాడు. మాటిమాటికీ వినే గుండె లేకపోయింది మరి. హారన్‌లోంచి పాట రాలేదు, రేకు మీద గోరుతో గీకినట్టు ఒక కీచుగొంతు వచ్చింది. వడ్డనలో ఉన్నవాళ్ళు తలెత్తి చూశారు. ఎవరో కుర్రవాడు నవ్వాడు. యర్రమ్మ రెండు చెవులూ మూసుకుంది.

"ఆపీ బాబూ, ఆపీ! అది నా పిల్ల గొంతు కాదు!"

మర్నాడు ఆమె బస్సెక్కుతుంటే మణికుమార్ చేతులు పట్టుకున్నాడు. "సరిచేసి నేనే పట్టుకొస్తానత్తమ్మా. ఏ స్పీకర్లో వేసినా కళ్యాణే అనిపించేలా చేసి తెస్తాను." యర్రమ్మ సరేనని తలూపింది. ఆ తల ఊపుడే అతని ప్రాణానికి ఒక పనిని తగిలించింది.

చిన్న స్పీకరు బరువైన శబ్దాన్ని మోయలేదు. మోయలేక గరగరమంటుంది, ఆ గరగరలో మాట చెడిపోతుంది. కనుక గొంతులో బరువు కొంత తీసెయ్యాలి, మాట తెలిసే భాగాన్ని కొంచెం పైకి లేపాలి. మణికుమార్ అదే చేశాడు. హారన్ కోసం కొంత తీశాడు. ఆటో కోసం ఇంకొంత తీశాడు. క్యాసెట్లు పోయి సీడీలు వచ్చాయి, సీడీలు పోయి సెల్‌ఫోన్లు వచ్చాయి. కొత్త స్పీకరు బజార్లోకి దిగినప్పుడల్లా పాటలో కొత్త తప్పు కనబడేది. మళ్ళీ కూర్చునేవాడు. కరెంటు ఎప్పుడు పోతుందో దేవుడికి కూడా తెలియని ఊరు. ఒకప్పుడు పూటంతా చేసిన పని రెప్పపాటులో పోయిన అనుభవం ఉంది గనక, చిటికెడు మార్పు చేసినా వెంటనే అదే ఫైలు మీద సేవ్ కొట్టడం అతని వేలికి అలవాటైపోయింది. దీవుల్లో కంప్యూటరు ముందు కూర్చునేవాళ్ళందరి వేలికీ ఉన్న అలవాటే అది.

"ఏం భయ్యా, ఫిర్ వహీ గానా?" అనేవాడు పోలిరాజు. "మొన్నటిదే అచ్ఛాగా ఉంది కదా, దీన్ని మళ్ళీ ఏం చేసినావు?"

"మొన్నటిదాంట్లో మాట ఒకచోట నలిగింది."

"నాకేం నలిగినట్టు లేదు. ఇక పట్టుకెళ్ళి ఆ ముసలామెకు ఇచ్చీ భయ్యా."

ఇచ్చేస్తాను, వచ్చే నెల ఇచ్చేస్తాను అనేవాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. నా మాటకేం గాని, నిజం వేరే ఉంది. పాట పూర్తయిన రోజు కళ్యాణి కూడా పూర్తిగా అయిపోతుందని అతనికి భయం. ఆ పని ఉన్నంతకాలం ఆమె ఇంకా సెలవు మీద వచ్చి బొంతల గదిలో కూర్చున్నట్టే ఉండేది.

డిగ్లీపూర్ నుంచి అప్పుడప్పుడు ఫోను వచ్చేది. "బాబూ, నేను యర్రమ్మని. ఒళ్ళు జాగర్త. తిండి తింతన్నావా? పాట అయినప్పుడే పట్టుకురా, తొందరేటి నేదు." ఇతను జవాబు చెప్పేలోపే పెట్టేసేది. మొదట్లో అలా ఉండేది కాదు. ముసలితనం చాదస్తమనుకున్నాడు. చాదస్తం గురించి ఎవరు మాట్లాడాలో వాళ్ళే మాట్లాడారు.

ఇలా దాదాపు పదేళ్ళు గడిచాయి. అరచేతిలో పట్టే బ్లూటూత్ స్పీకర్లు వచ్చిన రోజుల్లో, ఒక పొద్దున పాటను ఇంట్లో, హారన్ మీద, ఆటోలో, ఫోన్లో, ఆ కొత్త స్పీకర్లో వరసగా వేసి చూశాడు. అన్నిచోట్లా ఒక్కలాగే పలికింది. ఒక్క మాట నలగలేదు. కాశమ్మ టీ గ్లాసు పక్కన పెట్టి కళ్ళు తుడుచుకుంది. ఇక వంక దొరకలేదు. మర్నాడే డిగ్లీపూర్ బస్సెక్కాడు.

బోట్లలో సముద్రపు పాయలు దాటి, అడవి దాటి, ఒళ్ళు హూనమై చేరేసరికి యర్రమ్మ కోడలు సింహాచలమ్మ వాకిట్లో ఎదురొచ్చింది. అతని చేతిలోని స్పీకరు చూసి ఆమె మొహం వాడిపోయింది.

"అన్నయ్యా… అత్తమ్మకు వినబడ్డం మానేసి చాన్నాళ్ళయింది. పిడుగు పడినా తెలీదు."

"మరి ఫోను చేసేది కదమ్మా!"

"తనే మాటాడీసి పెట్టీసేది. మీకు చెప్పొద్దని నాచేత ఒట్టేయించుకుంది. ఆ పాట పట్టుకునే మనిషి బతుకుతన్నాడు, వద్దంటే ఏటైపోతాడో అంది."

మణికుమార్ స్పీకరు గడప మీద పెట్టి పక్కనే కూర్చున్నాడు. ఆమెకోసం తను పాట చేస్తున్నాననుకున్నాడు. వినబడకపోయినా, తనకోసం ఆమె ఇన్నాళ్ళూ వింటానన్నట్టు ఎదురుచూస్తూ కూర్చుంది.

యర్రమ్మ లోపల్నించి గోడ పట్టుకుని వచ్చింది. అల్లుణ్ణి చూసి బోసినోటితో నవ్వింది, స్పీకరు చూసి దగ్గరగా కూర్చుంది. పెట్టమని చేత్తో సైగ చేసింది. మణికుమార్ పెట్టాడు. పాట ఇల్లంతా స్పష్టంగా నిండింది. సింహాచలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. యర్రమ్మ అల్లుడి పెదాలూ కోడలి కళ్ళూ చూసి పాట మొదలైందని గ్రహించింది. వంగి, కుడి అరచెయ్యి స్పీకరు మీద ఆనించింది.

"చిన్నప్పుడు దాన్ని ఒళ్ళో ఏసుకుని పాడించీదాన్ని. ఈపు మీద చెయ్యేస్తే గొంతు తెలిసీది నాకు."

చెయ్యి అలాగే ఉంచింది. కాసేపటికి ఎడమ చెయ్యి వేసి చూసింది. తరవాత మెల్లగా అడిగింది.

"పాడతందా బాబూ?"

చేతికి తగిలే శబ్దం బరువైన శబ్దమే. ఆ బరువునే అతను పదేళ్ళు ఉలి పెట్టి చెక్కినట్టు తీసేశాడు. తీసిన ప్రతిసారీ అదే ఫైలు మీద సేవ్ కొట్టాడు. మొదటి రోజు రికార్డు చేసిన గొంతు ఇప్పుడు ఈ భూమ్మీద ఎక్కడా లేదు. ఆ సంగతి అతనికి ఆ క్షణం దాకా తట్టనే లేదు. లోకంలోని స్పీకర్లన్నిటికీ సరిపడేలా చేసి, వినవలసిన ఒక్క చేతికి అందకుండా చేశాడు. సముద్రం మనిషిని తీసుకుపోయింది, గొంతును మాత్రం తనే చేజేతులా పోగొట్టాడు.

స్పీకరు ఆపేశాడు. అత్తగారి చెయ్యి అందుకుని తన ఛాతీ మీద పెట్టుకున్నాడు. ఊరందరి చేతా పాడించినవాడే గాని తను ఎన్నడూ నోరు విప్పి పాడింది లేదు. ఇప్పుడు మొదలుపెట్టాడు.

"నారు నాటే చేతికి నీళ్ళే గాజులమ్మా…"

యర్రమ్మ కళ్ళు మూసుకుంది. ఒక్క చరణం కాగానే ఛాతీ మీద చరిచింది.

"అలగ కాదు! ఒకే గుక్కలో లాగీకు. నారు నాటే… ఇక్కడ నడుం ఎత్తాల. ఎత్తి గుక్క తీసుకోవాల. అప్పుడు మళ్ళీ వంగాల. నేకపోతే పొలంలో నడుం ఇరిగిపోద్ది. నా పిల్లకు నేర్పింది అలగే."

మణికుమార్ నిర్ఘాంతపోయి చూశాడు. ఆ గుక్క రికార్డులో ఉండేది. కళ్యాణి సరిగ్గా అక్కడే ఊపిరి తీసుకునేది. చెవికి అడ్డంగా ఉందని మొదటి ఏడాదే దాన్ని కోసి పారేశాడు.

మళ్ళీ పాడాడు. 'నాటే' దగ్గర ఆగి ఊపిరి తీసుకున్నాడు. అతని ఛాతీ లేచింది, దానిమీద ఆమె చెయ్యి కూడా లేచింది. యర్రమ్మ మొహం విచ్చుకుంది.

"ఇదిగో, ఇక్కడుంది నా పిల్ల."

ఇక అతనివల్ల కాలేదు. పదేళ్ళుగా ఆపుకున్నదంతా ఒక్కసారిగా తెగి, చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. యర్రమ్మ రెండో చేత్తో అతని మొహం తడిమి కన్నీళ్ళు తుడిచింది. ఛాతీ మీది చెయ్యి మాత్రం తియ్యలేదు.

"ఏడవకు బాబూ. నువ్వు ఏడుస్తుంటే పాట నా చేతికి తెలవడం నేదు."

మణికుమార్ ఊపిరి నిలదొక్కుకుని, గొంతు సవరించుకుని, మళ్ళీ మొదటినుంచి ఎత్తుకున్నాడు.