నేను పలచన చేసిన మనిషి

మా మరిది పోయాడన్న కబురు మంగళవారం పొద్దున నేను సాంబారు కలుపుతుండగా వచ్చింది. తన మెకానిక్ షెడ్డులో ఏదో ఆటో కింద పడుకొని పని చేస్తున్నవాడు బయటికి వచ్చి, స్టూలు మీద కూర్చుని, టీ తెమ్మన్నాడట. టీ వచ్చేలోపే పోయాడు. గుండె ఆగిపోయిందన్నారు. నా చేతిలో ఉన్న గరిటె ఎక్కడ పెట్టానో ఇప్పటికీ గుర్తు లేదు. అప్పటికి ఎనిమిది నెలలుగా నేను ఆ మనిషితో మాట్లాడటం లేదు.

పెద్దకర్మ రోజు భోజనాల దగ్గర నా పక్క వరుసలో ఇద్దరు మాట్లాడుకుంటున్నారు. “పెద్దాయన మంచోడే పాపం. ఆఖర్న చెయ్యి తప్పిందంట. సొంత వదిన బండికే ఏందో చెత్త ఆయిలు పోసి ఇంజను పట్టించేసినాడంట.” ముద్ద నా చేతిలోనే ఉండిపోయింది. గోడకు అవతల మా తోడికోడలు కూర్చుని ఉంది. ఆమె చెవిన కూడా పడే ఉంటుంది. ఆ మాట వాళ్ళు పుట్టించింది కాదు. నా నోట్లో పుట్టి, మద్రాసు అంబత్తూరంతా తిరిగి, చివరకు నా విస్తరి ముందుకే వచ్చింది.

అందుకే ఇది రాయిస్తున్నాను. నాకు అక్షరం ముక్క రాదు. మా పై పోర్షన్లో అద్దెకుండే అమ్మాయి, షోళింగనల్లూరులో కంప్యూటర్ ఉద్యోగం చేసే పిల్ల, నేను చెబుతుంటే రాస్తోంది. ఆమెది గుంటూరు వైపు. నా భాషను అక్కడక్కడా దిద్దుతోంది, దిద్దనీ. నేను చేసిన తప్పును మాత్రం దిద్దనివ్వను. పోయినవాడు తన మాట తాను చెప్పుకోలేడు కాబట్టి నేను చెబుతున్నాను. కాదనేవాళ్ళు ఉంటే వ్యాసర్పాడికి వచ్చి నా ఎదుట నిలబడి కాదనండి.

నేను కాపురానికి వచ్చేనాటికి మా మరిది మెకానిక్ పని నేర్చుకుంటున్నాడు. మా ఆయన పోయిన ఏడాది నేను దిక్కుతోచక కూర్చుని ఉంటే, ఎక్కడినుంచో ఒక పాత వ్యాను పట్టుకొచ్చి గుమ్మం ముందు నిలబెట్టాడు. “నీ వంట ఈ వీధికే ఎందుకు పరిమితం వదినా? అంబత్తూరు ఎస్టేటు నిండా ఆకలిగా ఉండేవాళ్ళే” అన్నాడు. ఆ రోజునుంచి నేను వండటం, నా కొడుకు బండి తోలడం, మా మరిది ఆ బండిని బతికించడం. అరవైమంది పనివాళ్ళకు మధ్యాహ్నం అన్నం ఆ బండిలోనే వెళ్ళింది.

బండికి వయసు పైబడ్డాక ఇంజను కింద ఆయిల్ చుక్కలు పడటం మొదలైంది. మా మరిది ప్రతి సాయంత్రం బండి కింద ఒక అట్టముక్క పరిచి పోయేవాడు. పొద్దున్నే వచ్చి, దాన్ని లాగి చూసి, అప్పుడు గానీ టీ గ్లాసు ముట్టేవాడు కాదు. టీ కూడా ఊరికే తాగడు, దానికీ ఒక వంక పెట్టాలి.

“ఏం వదినా, ఈ పొద్దు ఎన్ని చుక్కలు?”

“నాకేం తెలుసబ్బా? నేనేమన్నా ముగ్గేస్తా ఉండానా, చుక్కలు లెక్కపెట్టేదానికి?”

“ముగ్గేసినా నీది నీ కొళంబు పులుసు మాదిరే పలచగా ఉంటాదిలే.”

“తినేటప్పుడు రెండు గరిటెలు ఎక్కువ పోయించుకునేది ఎవురో!”

ఒకరోజు మా అబ్బాయి, ఇంజను విప్పి సీలు మార్చేద్దామన్నాడు. మా మరిది తల అడ్డంగా ఊపాడు. “ఈ కొంచెం కారేదానికి ఇంజను దించితే నాలుగు వారాలు బండి నిలబడతాది. మీ అమ్మ చెయ్యి కూడా నిలబడతాది. ముందు ఆయిలు మారుద్దాం” అన్నాడు. అని నన్ను పిలిచి, నా బొటనవేలి మీద ఒక చుక్క, చూపుడువేలి మీద ఇంకో రకం చుక్క వేశాడు. రుద్ది చూడమన్నాడు. ఒకటి నీళ్ళలా జారిపోయింది. రెండోది పాకంలా వేలికి అంటుకుని సాగింది.

“తెలిసిందా? లోపలుండే రబ్బరు సీలు ఎండిపోయి గట్టిబడిపోయింది. సన్న సందు వదిలింది. పలచనిది ఆ సందులో నుంచి పారిపోతాది. చిక్కనిది నిలబడతాది. పాత ఇంజన్లకని చేసేది ఒకటి ఉండాది, దాంట్లో సీలును మెత్తబరిచే మందు కలుపుతారు. డబ్బా మీద ఇరవై, యాభై అని అంకెలుంటాయి చూడు. నీకు బస్సు నంబర్లు తెలుసు గదా, అట్లే గుర్తుపెట్టుకో. మొదటిది చలిలో ఎంత చిక్కనో చెప్పేది, రెండోది వేడికి ఎంత తట్టుకుంటాదో చెప్పేది.”

“ఇంకా చిక్కనిది పోస్తే పూర్తిగా ఆగిపోతాది గదా?”

“మరీ చిక్కనైతే పొద్దున్నే ఇంజను పైదాకా ఎక్కదు వదినా. మద్రాసులో చలి ఏడుండాదిలే గానీ, దేనికైనా ఒక హద్దు. దీంతో కూడా ఒక్క రోజులో ఆగదు. నెల పడతాది. అందాకా పొద్దున్నే ఇంజనులో ఉండే కొలత కమ్మి తీసి ఆయిలు మట్టం చూసుకోవాల. ఒక మాట చెప్తా విను. ముసలి బండి చుక్క కారిస్తే భయపడబాక. ఉన్నట్టుండి కారడం మానేస్తే భయపడు. లోపల అయిపోయిందని అర్థం.”

ఆ రోజే ఆ చిక్కని ఆయిల్ పోసి, నెల ఆగమన్నాడు. నేను ఆగలేదు. మూడో వారంలో ఒక కంపెనీ గేటు దగ్గర వాచ్‌మన్ మా బండి కింద పడిన మరక చూపించి, రేపటినుంచి బండిని వీధిలోనే నిలపమన్నాడు. నలుగురిలో అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. ఆ వారం మా మరిది ఏదో పెళ్ళికి నెల్లూరు వెళ్ళి, పది పన్నెండు రోజులు అక్కడే ఉండిపోయాడు. నేను కొడుకుకు చెప్పకుండా, దారిలో ఒక కొట్టు ముందు బండి ఆపించి, వాణ్ణి కూరగాయలకు పంపి, ఆయిల్ మార్పించేశాను. కొట్టువాడు బంగారు రంగు డబ్బా చూపించి, “పాట్టీ, కొత్త కార్లన్నిటికీ ఇదే” అన్నాడు, అరవంలో అవ్వా అని పిలుస్తూ.

ఇక్కడ నేను చదువురానిదాన్ని, డబ్బా మీద ఏముందో తెలియలేదని చెప్పుకోవచ్చు. అది అబద్ధం. అంకెలు నాకు వచ్చు. అయిదు, ముప్పై అని ఉంది. చూశాను. చూసే పోయించాను. ఖరీదైనది కదా, మెకానిక్ కంటే నాకే ఎక్కువ తెలుసులే అనుకున్నాను.

పది రోజులు చుక్కలు ఎక్కువయ్యాయి. నేను అట్టలు మార్చి దాచేశాను. కమ్మి తీసి చూస్తే ఎక్కడ నా తప్పు బయటపడుతుందోనని, చూశానని కొడుకుతో బొంకాను. పదకొండో రోజు అట్ట శుభ్రంగా ఉంది. పన్నెండో రోజూ అంతే. ఆగిపోయిందని సంబరపడి పాయసం చేశాను. ఆ మధ్యాహ్నమే పాడి అనే చోట వంతెన ఎక్కుతుండగా ఇంజను కీచుమని బిగుసుకుపోయి పట్టేసింది.

ఆ పొద్దునే నెల్లూరు నుంచి దిగిన మా మరిది పరిగెత్తుకుని వచ్చాడు. కమ్మి లాగాడు. దాని కొనకు అంటుకున్న తడిని వేళ్ళ మధ్య రుద్దాడు. వాసన చూశాడు. తల ఎత్తి నా వైపు చూశాడు. అంతా తెలిసిపోయింది ఆయనకు. నా కొడుకు కోపంగా, “ఏం ఆయిలు పోసినావు చిన్నాయనా?” అన్నాడు.

“నేనే రా. చూసుకోలేదు. నాదే తప్పు.”

ఎందుకన్నాడో నాకు అప్పుడే తెలుసు. అంతకు ముందు నెలే నా కొడుకు, “నీకు వయసైపోయింది, చదువా రాదు, బండి అమ్మేసి ఇంట్లో కూచో” అని పట్టుబట్టాడు. తప్పు నాదని తేలితే ఆ రోజే బండి పోయేది, పొయ్యీ ఆరిపోయేది. ఆయన నన్ను పలచన కానివ్వలేదు.

మరి నేనేం చేశాను? దొరికిన దారిలో దూరిపోయాను. దొంగకు గొంతు పెద్దది. నడిరోడ్డు మీద, ఆటోవాళ్ళందరూ వింటుండగా, “కళ్ళు కనపడవు, చెయ్యి ఆడదు, ఇంకెందుకబ్బా నీకు షెడ్డు? మూసేసి పోయి పడుకో!” అని అరిచాను. ఆయన గుడ్డతో చేతులు తుడుచుకుంటూ, “సరే వదినా. ఎండలో ఉండావు. బండ్లో కూచో” అన్నాడు. అంతే అన్నాడు.

ఇంజను తానే విప్పి, నెలపాటు దాని కింద పడుకుని బాగు చేశాడు. ఆ తర్వాత కూడా రోజూ పొద్దున్నే వచ్చి ఆయిల్ చూసి పోయేవాడు. నేను లోపల నుంచి ఆయన దగ్గు వింటూ పొయ్యి దగ్గరే ఉండేదాన్ని. టీ కొడుకు చేత పంపేదాన్ని. ఆయన తాగి, గ్లాసు కడిగి, గోడ మీద బోర్లించి వెళ్ళేవాడు. ఆయన మీద కోపంతో కాదు, ఆయన మొహంలో నా అబద్ధం కనిపిస్తుందన్న భయంతో. రేపు చెబుతాను, రేపు చెబుతాను అనుకున్నాను. అట్లా ఎనిమిది నెలలు పోయాయి. షెడ్డుకు వచ్చే బండ్లు కూడా ఒక్కొక్కటే తగ్గిపోయాయని తర్వాత విన్నాను.

పెద్దకర్మ అయిన మూడో రోజు మా కొడుకుకు అంతా చెప్పాను. వాడు లేచి బయటికి వెళ్ళాడు. తర్వాత మా తోడికోడలి దగ్గరికి నడిచి వెళ్ళాను. ఆమె పెరట్లో పంపు దగ్గర, షెడ్డులో మిగిలిపోయిన ఆయన ఖాకీ చొక్కా ఉతుకుతోంది. నిలబడే మొదలుపెట్టి, చివరిదాకా చెప్పాను. నన్ను తిట్టాలని, కొట్టాలని కోరుకున్నాను.

ఆమె చొక్కాను బండకేసి రుద్దుతూనే ఉంది. ఆయన తనకు కూడా అసలు సంగతి చెప్పలేదట. తన చెయ్యే తప్పిందని నమ్మించి పోయాడట.

“ఈ మాట ఆయన ఉండంగా చెప్పింటే, ఒక్క పూటన్నా నిమ్మళంగా అన్నం తినుంటాడు గదక్కా” అంది.

 

చొక్కా చేతి కొస ఒకటి నా వైపు చాచి, “పట్టు” అంది. ఇద్దరం చెరోవైపు పట్టుకుని పిండాం. అప్పటికే మూడు బకెట్ల నీళ్ళు మార్చిందట. నాలుగో బకెట్‌లో కూడా ఆయిల్ సన్నని రంగుల పొరలా తేలి, మెల్లగా అంచుల దాకా పరుచుకుంటూనే ఉంది.