నాగలి మెట్టు

మా దీవులకు స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో మా నాన్న ఆ జీపును ఒక కొబ్బరితోట దొర దగ్గర సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాడు. నాన్న పోయాక అది నాకు మిగిలింది. అప్పటికే దానికి ముసలితనం వచ్చేసింది. నేలరేకుకు చిల్లులు, తలుపుకు తాడు, ఫోర్‌వీల్ గేరు వేయాలంటే రెండు చేతులూ కావాలి. నేను లంబాసా చక్కెర మిల్లులో ఫిట్టర్ని. వారమంతా మిల్లు యంత్రాలకు చాకిరీ చేసి, ఆదివారం ఇంటి పక్క రేకుల పాకలో ఈ జీపు కింద దూరేవాణ్ణి. మా ఆవిడ అన్నానికి పిలవడానికి వచ్చి, బయటికి కనిపించే నా కాళ్ళతో మాట్లాడి వెళ్ళిపోయేది.

మా ఊరు బులిలేకా. చెరకు పొలాల నడుమ ఇల్లు. శనివారం సాయంత్రం మా అమ్మ భజనకు వెళ్ళాలి. భజన జరిగే ఇల్లు వాగుకు అవతలి గట్టున ఉంది. మంగళహారతి పాట చివరిదాకా వచ్చినది మా చుట్టుపక్కల అప్పటికి అమ్మకొక్కదానికే. మిగతావాళ్ళకు మొదటి రెండు చరణాలు వచ్చు, ఆ తర్వాత తాళం వచ్చు. ఆమె వెళ్ళని వారం పాట సగంలో ఆగిపోయేది, హారతి పళ్ళెం మాత్రం మాటా పలుకూ లేకుండా అందరి ముందుకూ తిరిగేది.

నాకు పాట సంగతి పట్టలేదు, వాగు సంగతి పట్టుకుంది. వాన పడితే చాలు, వాగు నీళ్ళు ఇంజను మీదికి చిమ్మి, ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటరు తడిసి, బండి నడిమధ్యలో ఆగిపోయేది. రెండుసార్లు అమ్మను బురదలో నడిపించాను. రెండోసారి నాకు పౌరుషం వచ్చింది. ఇరుసుల కింద ఉండే స్ప్రింగు పట్టీలను ఇరుసుల పైకి మార్చాను. తుక్కుకు పోయిన చెరకు లారీ పట్టీలు రెండేసి వాటికి కలిపాను. బండి జానెడు పైకి లేచింది. తుప్పు పట్టిన బోల్టులను డీజిల్‌లో నానబెట్టాను, అప్పటికీ రాకపోతే కాల్చాను, అప్పటికీ రాకపోతే తిట్టాను. బ్రేకు గొట్టాలు పొట్టివైపోతే పొడవైనవి వేశాను. మొత్తం నాలుగు ఆదివారాలు పట్టింది.

జీపును పాకలోంచి బయటికి తీసిన రోజు చుట్టుపక్కలవాళ్ళంతా వచ్చి దాని చుట్టూ తిరిగి చూశారు. మత్తిచ్చే యంగోనా వేరు పొడి నీళ్ళలో కలిపిన గిన్నె చుట్టూ చేరి, కొబ్బరి చిప్ప మీద చిప్ప తాగుతూ నేను కొట్టిన గొప్పలు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఇక మా అమ్మ కాలికి తడి తగలదని పదిమందిలో చెప్పాను.

శనివారం జీపును గుమ్మం ముందుకు తెచ్చి హారన్ కొట్టాను. అమ్మ వసారాలోంచే చూసింది.

"నేను రాదు బేటా. ఇంట్లో బహుత్ కామ్ ఉంది. నువ్వు పో" అంది.

మా ఇంటి తెలుగు అదే. రాను అనడం మా వాళ్ళు ఎప్పుడో మరిచిపోయారు. ఈ రాసే తెలుగు నేను బళ్ళో నేర్చుకున్నది.

మరుసటి శనివారం మేక ఈనేట్టుందంది. ఆ తర్వాత తలనొప్పి అంది. మేక ఈనలేదు, తలకు అమృతాంజనం వాసనా లేదు. అయినా నాకు అనుమానం రాలేదు. వయసు మీద పడింది కదా, భజన మీద మనసు తగ్గిందని నాలో నేనే తీర్పు చెప్పేసుకున్నాను. ఇంత కష్టపడి బండి లేపితే ఎక్కదేమని లోపల మంటగా కూడా ఉండేది.

ఒకరోజు మా ఆవిడ రొట్టెలు చేస్తూ, పెనం మీంచి తల ఎత్తకుండానే చెప్పింది.

"నువ్వు డ్యూటీకి పోయాక అత్త రోజూ గాడీ దగ్గరికి పోతుంది. పీట వేసుకుని ఎక్కాలని చూస్తుంది. మోకాలు లేవదు. నిన్న కింద కూర్చుని ఏడ్చింది."

"నాకు ఎందుకు చెప్పలేదు?"

"తుమ్ పూఛా?" అంది. నేను అడగలేదు. అది నిజం.

అమ్మ దగ్గరికి వెళ్ళి, నేను ఎత్తి కూర్చోబెడతానన్నాను. ఆమె మొహం మాడిపోయింది.

"నేను బియ్యం బోరా కాదు, ఎత్తి వేసేదానికి. నా కాలు మీద ఎక్కితే వస్తా. లేకపోతే రాదు."

అయితే మెట్టు వేద్దామనుకున్నాను. పాక వెనక గోడకు ఆనించి మా తాత నాగలి ఉండేది. చెరకు తోటల కూలీగా ఈ దీవులకు తెచ్చిన గిర్మిట్ ఒప్పందం ముగిశాక తాత సొంతంగా కొనుక్కున్న మొదటి వస్తువు అది. ఎడ్లు పోయి ట్రాక్టరు వచ్చాక దాన్ని ఎవరూ కదిలించలేదు. దానికి వెడల్పాటి ఇనుప పట్టీ, చివర కొద్దిగా వంపు. అలాంటి ఇనుము ఈ రోజుల్లో దొరకదు. పట్టీని విప్పాను. మీద పచ్చని పొర ఏదో ఉంటే పాత పెయింటనుకుని, వైరు బ్రష్‌తో మెరిసేదాకా గీకాను. రెండు చిల్లులు వేసి తలుపు కింద బిగించాను. దాని మీద ఎక్కి రెండుసార్లు గెంతి చూశాను, కదలలేదు.

శనివారం అమ్మ భజన చీర కట్టుకుని, తల దువ్వుకుని వచ్చింది. మొహం వెలిగిపోతోంది. తలుపు పట్టుకుని కాలెత్తింది. ఆ కాలు గాల్లోనే ఆగింది. చివరి వంపు కేసి చూసి కాలు దించేసింది. వంగి ఆ మెట్టును తాకి, చెయ్యి కళ్ళకు అద్దుకుంది.

"ఇది తాత నాగలి."

"అవునమ్మా. మంచి ఇనుము, విరగదు."

"దసరాకి దసరాకి నేను దీనికి పసుపు పెడ్తా, బొట్టు పెడ్తా, దండం పెడ్తా. ఇప్పుడు కాలు పెట్టాలా?"

నేను గీకింది పెయింటు కాదని అప్పుడు తెలిసింది. తల తీసేసినట్టయింది. అయినా నా నోరు ఊరుకోలేదు.

"ఇనుమే కదమ్మా" అన్నాను.

"నీకు ఇనుము" అని ఆమె లోపలికి వెళ్ళి చీర మార్చుకుంది.

రెండు రోజులు అందరి మీదా చిర్రుబుర్రులాడాను. ఇంకో ఇనుప ముక్కతో మెట్టు వేయడం నాకు అరగంట పని. కానీ ఈసారి అమ్మను పిలిచి పీటలు వేసి కొలిచాను. ఆ మోకాలికి రెండు మెట్లు కావాలి. రెండోది వేస్తే వాగులో రాళ్ళకు తగిలి ఊడిపోతుంది. అమ్మ కోసమని నలుగురికీ చెప్పుకుని నేను లేపిన బండికి, వాగు లోతు కొలిచాను గానీ అమ్మ కాలు ఎంత లేస్తుందో కొలవలేదు. తర్వాతి ఆదివారమే జాకీ వేసి, స్ప్రింగులను మళ్ళీ ఇరుసుల కిందికి దించడం మొదలుపెట్టాను. దించడానికి రెండు ఆదివారాలే పట్టింది. బండికి నిద్రొచ్చిందా అని పక్కింటాయన ఎగతాళి చేస్తే ఇంకో నట్టు బిగించాను.

నాగలి పట్టీని నాగలికే బిగించి గోడకు ఆనించాను. మర్నాడు చూస్తే దానికి కొత్తగా పసుపు పూసి ఉంది. నేను వేసిన రెండు చిల్లుల పక్కన కూడా రెండు బొట్లు పెట్టి ఉన్నాయి.

శనివారం ఆమె ఒక చేత్తో తలుపు పట్టుకుని, రెండో చేత్తో కుచ్చిళ్ళు పట్టుకుని, ఎవరి సాయం లేకుండా ఎక్కి కూర్చుంది. ముందురోజు వాన పడింది. వాగు దాటుతుంటే నేలరేకు చిల్లుల్లోంచి నీళ్ళు లోపలికొచ్చాయి. అవతలి గట్టు అందుతుండగా ఇంజను దగ్గి ఆగిపోయింది. ముందు చక్రాలు గట్టు మీద, వెనక చక్రాలు నీళ్ళలో.

నేను తల పట్టుకున్నాను. అమ్మ తలుపు తీసింది.

"నువ్వు గాడీ చూసుకో బేటా. హారతికి లేటవుతుంది" అని, దిగి, చీలమండల లోతు నీళ్ళలో మెల్లగా నడిచి గట్టెక్కింది. వెనక్కి తిరిగి చూడలేదు.

డిస్ట్రిబ్యూటరు మూత తీసి చొక్కా అంచుతో తుడిచి మళ్ళీ బిగించాను. స్టార్టరు తిప్పబోతుంటే చెరకు తోట మీదుగా పాట వినిపించింది. రెండు చరణాల దాకా చాలా గొంతులు ఉన్నాయి, ఆ తర్వాత ఒక్క గొంతే మిగిలింది. నాకు ఏడుపొచ్చింది. ఆ పాట చివర ఎలా ఉంటుందో అంత వయసొచ్చాక అదే మొదటిసారి వినడం. అది పూర్తయ్యేదాకా, తలుపులోంచి కాళ్ళు నీళ్ళలోకి వేలాడేసి, స్టార్టరు తిప్పకుండా కూర్చున్నాను.