తాతతో పాటే పోయిన అప్పీలు

నా చిన్నప్పుడు మా ఇంట్లో బావినీళ్ల కంటే కోర్టు మాటలే ఎక్కువ పారేవి. మా ఊరు పాలకుర్తి అవతల. మా తాతకూ, ఆయన తమ్ముడు మా చిన్నతాతకూ పొలంలో ఒకటే బావి. అందులో మాకు వంతే లేదని చిన్నతాత జనగామ కోర్టుకెక్కాడు. అక్కడ గాలి తనకు ఎదురు తిరిగిందని తెలియగానే కేసు వాపసు తీసుకుని, పొలం ఒక కొస అటువైపు పడుతుందన్న సాకుతో మానుకోటలో వేసి గెలిచాడు. బేరం కుదరకపోతే ఇంకో అంగడికి పోయినట్టు కోర్టులనూ మారుస్తారని నాకు అప్పుడే తెలిసింది. తాత ఊరుకునే మనిషా? వరంగల్‌లో అప్పీలు వేశాడు. ఆ నీళ్లు రాకపోతే మా మడి ఎండిపోవడమే మరి.

అప్పీలు విచారణకు రాకముందే తాత పోయాడు. చిన్నతాత పాలివాడు కదా, గుండు చేయించుకుని, దినాలయ్యేదాకా మా వాకిట్లోనే కూర్చున్నాడు. ఎవరూ పలకరించలేదు.

తర్వాత మా వకీలు దగ్గరి గుమస్తా వచ్చి, కాగితాల్లో తాత పేరు కొట్టేసి వారసుల పేర్లు ఎక్కించాలని, దానికో గడువుందని చెప్పాడు. నాయనమ్మ కస్సుమంది.

"ఏడాది మాసికం గాకముందే మనిషి పేరు కొట్టేస్తరా? గదేం కోర్టయ్యా!"

మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు. ఇక మా బాపు ఎంత? తల్లి మాట దాటలేక, ఏడాదైనంక చూద్దాంలే అని ఊరుకున్నాడు.

కొన్ని నెలలకు బాపు వరంగల్ నుంచి వచ్చి అరుగు మీద కూలబడ్డాడు.

"అవ్వా, నాయినతోని అప్పీలు గూడ సచ్చిపోయిందట. గడువుల పేర్లు ఎక్కియ్యలేదని కొట్టేసిన్రు. నీళ్లు ఎవలియని ఒక్కలు గూడ అడగలే."

పేరు కొట్టేయొద్దని నాయనమ్మ అంటే, కోర్టు కేసునే కొట్టేసింది. మనిషి పోతే అతని న్యాయం కూడా పోతుందా? అంత పెద్ద కోర్టులో మా తాత గోడు వినడానికి ఒక్క చెవి లేకపోయిందా? ఇన్నేళ్లయినా తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

పొద్దుగూకుతుండగా చిన్నతాత వచ్చాడు. గుండు మీద వెంట్రుకలు అప్పుడప్పుడే దువ్వేంత పెరిగాయి. గెలిచినోడు ఎక్కిరించడానికే వచ్చాడనుకుని బాపు లేచి నిలబడ్డాడు.

"వదినె, కోర్టులు మార్చిన, వకీళ్లను మార్చిన. ఎట్లనన్న అన్నను గెలవాలనుకున్న. గిదేం గెలుపు? మా అన్న సచ్చిండని గెలిచిన్నట!" అంటూ ఆ ముసలాయన చిన్నపిల్లాడిలా భోరుమన్నాడు. "రేపటి సంది మీ వంతు నీళ్లు మీరు పెట్టుకోండ్రి" అని చెప్పి, మంచినీళ్లైనా తాగకుండా వెళ్లిపోయాడు.

కోర్టు చేసిన పనికంటే ఈ మాటకే మేము ఎక్కువ నివ్వెరపోయాం. మర్నాడు మా మడిలోకి నీళ్లు వచ్చాయి.

ఇప్పుడు జనగామ, మానుకోట వేరువేరు జిల్లాలయ్యాయి. నేను నాయనమ్మనయ్యాను. ఎవరైనా కేసు గెలిచామని మిఠాయి తెస్తే, నా కొడుకైనా సరే, అది నోట్లో వేసుకునే ముందు ఒక మాట అడుగుతాను: "ఎట్ల గెలిచిన్రు బిడ్డా?"