గిన్నెలో వేయని పూస

మా అమ్మాయి పుట్టు చెవిటిదని ఊరంతా తేల్చేసింది. ఒక్క మా ఆయనే ఒప్పుకునేవాడు కాదు. ఆయనది ఖాళీ నీళ్ల గాబులో మాట్లాడినట్టుండే బొంగురు గొంతు. ఏన్కూరు దగ్గర మా ఇంటి వాకిట్లో, పిల్ల వెనక నిలబడి "బిడ్డా!" అని గట్టిగా పిలిస్తే అది తిరిగి చూసేది. నేను గొంతు చించుకున్నా ఉలుకూ పలుకూ ఉండేది కాదు.

"జర వినవడ్తదే దానికి. నా గొంతు దానికి ఎర్కే" అని మురిసిపోయేవాడు. నాకు కుళ్లుగా ఉండేది. ఇప్పుడు దాచి ఏం లాభం?

రెండువేల ఎనిమిదో తొమ్మిదో, పిల్లకు నాలుగేళ్లు. చెవి లోపల తీగ పెట్టి వినిపించే ఆపరేషన్ ఉచితంగా చేస్తున్నారని తెలిసి హైదరాబాదులో ఒక పెద్ద దవాఖానాకు తీసుకుపోయాను. మిర్చి కోతలు వదిలి మా ఆయన రాలేకపోయాడు.

వరండాలో వేంసూరు వైపు నుంచి వచ్చిన ఒకావిడ పక్కన కూర్చుంది. ఆమె కొడుకును అంతకుముందే తిప్పి పంపారట.

"కొంచెం వినవడ్తదని చెప్పిన అక్కా. చెవి వెనక పెట్టుకునే మామూలు మిషన్ ఇచ్చి పొమ్మన్నరు. నువ్వు మాత్రం గిట్ల నోరు జారకు."

వాళ్ల పిల్లాడికి నిజంగానే బాగా వినబడేదేమో. నేనడగలేదు. అడగాలన్న బుద్ధి పుట్టలేదు. మా పిల్లనూ పంపేస్తారన్న భయం పట్టుకుంది.

పరీక్ష గదిలో పిల్లకు హెడ్‌ఫోన్లు పెట్టారు. శబ్దం వినబడినప్పుడల్లా గిన్నెలో ఒక పూస వేయాలి, అదొక ఆట. సన్నని శబ్దాలకు అది కదలలేదు. తర్వాత బరువైన శబ్దాలు పెట్టారు. పిల్ల కళ్లు పెద్దవయ్యాయి, పూస పట్టుకున్న చెయ్యి లేచింది. పరీక్ష చేసే అమ్మాయి మిషన్ మీటలు చూసుకుంటోంది. పిల్ల నా వైపు చూసింది. నేను వద్దని తలూపాను. అది బుద్ధిగా పూసను ఒళ్లో పెట్టుకుంది. అంగన్‌వాడీలో పిల్లలకు అబద్ధమాడొద్దని చెప్పే టీచరమ్మను నేను!

తర్వాత డాక్టరు గారు నెమ్మదిగానే అడిగారు. "లావు శబ్దాలు, మగవాళ్ల గొంతులు ఏమన్నా వింటుందా అమ్మా? కొంచెం ఉందంటే ఆ వినికిడి చెడకుండా సన్నటి తీగను మెల్లగా పెట్టి చూస్తాం. నిలుస్తుందని గ్యారంటీ ఇవ్వలేను, కానీ ప్రయత్నిస్తాం."

ఉంటే ఆపరేషన్ చేయనని ఆయన అనలేదు. అయినా నా చెవుల్లో వేంసూరు ఆవిడ మాటే మోగుతోంది.

"లేదు సార్. పిడుగు పడ్డా వినవడదు" అన్నాను. ఆయన రాసుకున్నారు.

ఆపరేషన్ బాగా జరిగింది. ఏడాది తిరిగేసరికి పిల్ల "అమ్మా" అంది. ఆ రోజు నేను ఏడ్చిన ఏడుపు ఇంకెప్పుడూ ఏడవలేదు. ఆపరేషన్ చేయించినందుకు నాకు చింత లేదు.

ఒక ఆదివారం చర్చికి పోయే ముందు దానికి తలంటుతున్నాను. చెవి వెనక తగిలించే మిషన్ తీసి గూట్లో పెట్టాను; అది లేకపోతే లోపలి తీగ పనిచేయదు. మా ఆయన వెనక నుంచి "బిడ్డా!" అన్నాడు. అది తిరగలేదు. మళ్లీ పిలిచాడు, ఇంకా గట్టిగా.

"మిషన్ లేదు గదా" అన్నాను.

"అప్పుడు గూడ లేదు గదనే" అన్నాడు.

నేను నీళ్లు పోస్తూనే ఉన్నాను. ఆ తర్వాత ఆయన వెనక నుంచి పిలవడం మానేశాడు.

తర్వాత చెకప్‌కి పోయినప్పుడు, సన్నటి తీగ పెడితే ముందున్న వినికిడి నిలుస్తుందా అని డాక్టరు గారిని అడిగాను. "కొందరికి నిలుస్తుంది, కొందరికి పోతుంది. మీ పాపకు ముందే ఏమీ లేదు కదమ్మా, పోవడానికి" అన్నారు ఫైలు చూస్తూ. ఆ ఫైల్లో ఉన్నది నా మాటే. తలొంచుకుని వచ్చేశాను.

మొన్న, డిగ్రీ చదువుతున్న నా కూతురు ఆ పాత ఫైలు తిరగేసి, "అమ్మా, ఆపరేషన్ కంటే ముందు నాకు అసలేం వినవడకపోయేదా?" అంది. ఇక దాచలేక పూస సంగతితో సహా అంతా చెప్పాను. అరుస్తుందనుకున్నాను. అరిచినా బాగుండేది.

"నాకు గుర్తు లేదు. నాన్న గొంతు అప్పుడెట్ల వినవడేదమ్మా?" అంది.

అది ఆ రోజుల్లో దానికొక్కదానికే తెలుసు. అప్పటికి దానికి చెప్పే మాటలు లేవు.