ఊపిరాడని పెట్టె

1993 వేసవి. అప్పటికి పదేళ్ళుగా తెనాలిలో బ్యాటరీలు చార్జింగ్ చేసే షాపు నడుపుతున్నాను. సోలార్ ప్లేట్లు అప్పుడప్పుడే ఊళ్ళకు వస్తున్నాయి. రేపల్లె అవతల ఉప్పునేలల్లోని ఒక ఊరి చర్చి బడికి ఒక ప్లేటు, రెండు ట్యూబులైట్లు, పెద్ద బ్యాటరీ బిగించే పని ఒప్పుకున్నాను. సముద్రపు గాలికి టెర్మినళ్ళు చిలుమెక్కకుండా బ్యాటరీకి టేకుపెట్టె చేయించి, మూత అంచుకు రబ్బరు కొట్టించాను. చీమైనా దూరదని మురిసిపోయాను.

బాపట్ల నుంచి తన పాత కారు బ్యాటరీతో వచ్చే కెమిస్ట్రీ మాస్టారు ఆ పెట్టెను షాపులోనే చూశారు.

"రేపు కార్లన్నీ హైడ్రోజన్ మీదే నడుస్తాయయ్యా. నీ సీసం దిమ్మెలు పాతసామాన్లకే" అని ఏడిపించారు.

"ఆ గ్యాసు ఎక్కడ దొరుకుద్దండీ, సోడాబుడ్డిలోనా?"

"నీ బ్యాటరీలోనే పుడుతోంది. ఆ పెట్టెకి పైన చిల్లులు పెట్టు."

నిజమే. చార్జింగ్ నిండేటప్పుడు లోపలి నీరు విడిపోయి హైడ్రోజన్ బుడగలుగా పైకొస్తుంది. మేం దాన్ని గ్యాసింగ్ అంటాం. ఆరుబయట గాలిలో కలిసిపోతుంది, మూసినచోట చేరితే పేలడానికి నిప్పురవ్వ చాలు. తెలిసి కూడా, నా పెట్టెకు వంక పెట్టారన్న ఉక్రోషంతో వినలేదు.

నెల తిరక్కుండా లైట్లు మసకబారాయని ఆ బడి టీచరు కరుణమ్మగారు కబురు చేశారు. వెళితే, బ్యాటరీలో బావినీళ్ళు పోశామన్నారు.

"ఉప్పునీళ్ళు పోస్తారా అమ్మా? డిస్టిల్డ్ వాటర్ పోయమన్నానుగా!" అని కసిరాను.

"మేం తాగడానికే మైలు నడిచి తెచ్చుకుంటున్నాం నాయనా. నీ బ్యాటరీకి సీసా నీళ్ళేంటి, అదేమన్నా కొత్తల్లుడా?"

ఆ కోపంతోనే మూత ఎత్తి, మిట్టమధ్యాహ్నం చార్జింగ్ జరుగుతుండగానే టెర్మినల్‌కున్న తీగ క్లిప్పు లాగాను. రవ్వ లేచింది. ఢామ్మని బ్యాటరీ పగిలి ఆసిడ్ నా కళ్ళలో చిమ్మింది.

"కళ్ళు మూయకు నాయనా, తెరువు!" కరుణమ్మగారు నా తల వంచి బిందె కుమ్మరించారు. ఆ వెంటనే ఇంకొకటి.

"టీచరమ్మా, పిల్లలకి చుక్క మిగలదు" అంది పక్కింటావిడ.

"కళ్ళు మళ్ళీ మోసుకొస్తావా నువ్వు? అందుకో ఆ బిందె!"

వెంటనే అన్ని నీళ్ళు పడబట్టే చూపు దక్కిందని తెనాలి కంటి డాక్టరుగారు అన్నారు. కట్టుతో పడుకున్నన్నాళ్ళూ నాకు ఒకటే ఆలోచన. ఆ క్లిప్పు ఏ పిల్లాడో లాగి ఉంటే?

కట్టు విప్పాక కొత్త బ్యాటరీ, డ్రిల్లు, రెండు క్యాన్ల మంచినీళ్ళు పట్టుకుని వెళ్ళాను. మాస్టారు చెప్పిందీ, నేను విననిదీ ఆవిడకు చెప్పి చేతులు జోడించాను.

"దండాలు తర్వాత. పిల్లలొచ్చే వేళైంది. ముందు చిల్లులు పెట్టు" అన్నారు.

కార్లు దేనిమీద నడవాలో మాస్టారూ నేనూ తేల్చుకోనేలేదు. ఆ తర్వాత మాత్రం ఏ పెట్టె చేయించినా చిల్లులు పెట్టాకే రంగు వేయించాను. పక్కన ఒక బిందె మంచినీళ్ళు ఉంచమని బిగించుకునేవాళ్ళకు చెబుతాను. బ్యాటరీలో పోయడానికా అని అడుగుతారు.

"బ్యాటరీకి కాదండి, మీకు" అంటాను.