కారు దిగి పెట్టిన దణ్ణం

అమెరికాలో మేమెక్కిన ఫ్రీమాంట్ రైలు ఆ ఉదయం పొగమంచులో నడవడం మానేసి తేలుతున్నట్టుంది. ఎక్కడో ఒక నల్లజాతి టీచర్ని ఆయన ఇంటి గుమ్మంలోనే పోలీసులు అరెస్టు చేశారు. దాని మీద పెట్టెంతా వాదనే.

"ఆ టీచరుకీ, పోలీసుకీ ఇద్దరికీ అహం. నన్ను పోలీసు ఆపితే మా దేశపు అలవాటు కొద్దీ కారు దిగి, ఎదురెళ్లి దణ్ణం పెట్టాను. కార్లోకి పొమ్మని ఆకాశం బద్దలయ్యేలా అరిచాడు, తర్వాత నవ్వి పంపేశాడు," అని పక్కనున్న నల్లజాతి పెద్దాయనకి ఉపన్యాసమిచ్చాను.

ఆయన కోప్పడలేదు. లేని స్టీరింగ్ మీద రెండు చేతులూ ఆనించి, వేళ్లు విప్పి చూపించాడు.

"మా అమ్మాయికి కొత్తగా లైసెన్సు వచ్చింది. పోలీసు ఆపితే ఇలా కదలకుండా కూర్చోమని రోజూ నేర్పుతున్నాను. కదిలితే కాల్చేస్తారని నా భయం. మీ పిల్లలకి మీరేం నేర్పారు?"

రైలుతోపాటు ఆ చేతులు మెల్లగా ఊగుతున్నాయి.

"పార్కింగ్," అన్నాను. అంత చిన్న గొంతు నాకుందని అప్పుడే తెలిసింది.