స్వామి జామీనుమీద రెండు బాడుగ సైకిళ్ళు

తిరుపతికి పోయేవాళ్ళు కొండకోసం పోతారు. మేమూ కొండకోసమే పోయాము గానీ, మొదటి పూటంతా కొండకు వీపు పెట్టి సైకిళ్ళమీద తిరిగాము. ఆ దారిన పోదలచినవాళ్ళకు పనికొస్తుందని ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను.

మా తమ్ముడు సుబ్బరాముడు పటాళంలో చేరి బర్మా సరిహద్దుకు వెళ్ళాడు. ఏడు నెలలు ఉత్తరం లేకపోయేసరికి మా అమ్మ పసుపుగుడ్డలో కానుక కట్టి, వాడి జాడ తెలిస్తే తన చేతులతో స్వామికి సమర్పించుకుంటానని మొక్కుకుంది. జాడ తెలిసింది. తాను క్షేమమని రాస్తూ వాడు ఇంకో సంగతి కూడా రాశాడు. తనతోపాటు ఉన్న మునిరత్నం అనే కుర్రవాడికి గుండు తగిలి, కుడిచెయ్యి మోచేతి కింద తీసేశారట. వాళ్ళది తిరుచానూరు దాటి, స్వర్ణముఖి అవతల ఒక పల్లె. తల్లి మునెమ్మకు చదువు రాదు. కార్డు రాస్తే ఊళ్ళో ఎవరో పదిమందిలో చదివేస్తారు, అది వద్దు, మీవాళ్ళెవరైనా పోయి నెమ్మదిగా చెప్పాలి అని ఆ కుర్రవాడు కోరాడట. ఐదు నెలలుగా ఆ తల్లికి కొడుకు ఉన్నాడో లేడో తెలియదు.

"ముందు ఆమెకు చెప్పి, తర్వాత కొండెక్కుదాం" అన్నది అమ్మ. "ఆ తల్లి అట్లుండంగా నేను ముడుపు చెల్లిస్తే స్వామి ముఖం సూడలేను."

నేను చిత్తూరులో ఎలిమెంటరీ బడి పంతులును. శుక్ర, శనివారాలకు సెలవు పెట్టి, తెల్లవారి ఐదున్నర బండికి అమ్మా, నా భార్య రాజమ్మా, నేనూ మూడో తరగతిలో ఎక్కాము. ఎక్కాము అనడం మర్యాదకోసం. వెనకవాళ్ళు తోస్తే లోపల పడ్డాము. యుద్ధం వచ్చాక బళ్ళు తగ్గాయి, జనం తగ్గలేదు. పాకాలలో ఇంజను నీళ్ళు పట్టుకునేటప్పుడు కాఫీ తాగాము. అందులో చక్కెర ఉన్నదని అమ్మినవాడు ప్రమాణం చేశాడు. మేము కట్టుకొచ్చిన చింతపండు పులిహోర రైలుపెట్టెలో అందరికీ వాసన చూపించి, మొహమాటానికి ఎదురుగా కూర్చున్న బెల్లం వ్యాపారికి కూడా పెట్టాము. ఆయనే మాకు దారి చెప్పాడు.

"జట్కావాడు తిరుచానూరు దాకా వస్తాడప్పా. ఏట్లోకి మాత్రం దిగడు. ఇసకలో గుర్రం కూలబడితే వాడి బతుకేం గావాల? స్టేషను ముందర సైకిళ్ళు బాడుగకు ఇస్తారు. తొక్కే కాడ తొక్కండి, లేని కాడ మోసుకోండి."

"నేను సైకిలెక్కేదా?" అన్నది అమ్మ. బెల్లం వ్యాపారి పులిహోర తింటూ, "ఎక్కేది మీ ఇష్టం తల్లీ, ఏరు మాత్రం ఆడనే ఉండాది" అన్నాడు.

తొమ్మిదిన్నరకు తిరుపతిలో దిగేసరికి నా బావమరిది చెంగల్రాయుడు స్టేషనులో నిలబడి ఉన్నాడు. అతను గూడూరులో నిమ్మకాయల మండీలో గుమాస్తా. రాత్రి బండికే వచ్చి సత్రంలో మాకు ఒక గది మాట్లాడి ఉంచాడు. గది అంటే నాలుగు గోడలు, ఒక గూడు, ఇద్దరు ముందటి యాత్రికులు మరిచిపోయిన చెప్పులు. స్నానాలు చేసి, పూటకూళ్ళ ఇంట్లో భోజనం చేసి, పదకొండున్నరకు సైకిళ్ళ అంగడికి పోయాము.

అంగడి యజమాని దొరస్వామి. నుదుట పెద్ద నామం, చేతులనిండా గ్రీజు. వరసగా తొమ్మిది సైకిళ్ళున్నాయి. కొత్త టైర్లు దొరకని కాలం గనుక, చిరిగిన చోటల్లా లోపల పాత టైరు ముక్క పెట్టి తొక్కిస్తున్నాడు. చక్రం ఒక చుట్టు తిరిగినప్పుడల్లా ఆ ముక్క దగ్గర సైకిలు ఒకసారి ఎగిరిపడుతుంది. గంటకు అణా.

"ఈ ఊర్లో మీకు తెలిసినోళ్ళు ఎవురుండారు?" అని అడిగాడు దొరస్వామి.

ఎవరూ లేరన్నాను. నా ఉద్యోగం చెప్పాను. పంతుళ్ళంటే గౌరవమేనన్నాడు, కానీ కిందటి నెల ఒక పంతులే సైకిలుతో మాయమయ్యాడట. చేతి గడియారం ఇస్తానన్నాను. తల అడ్డంగా ఆడించాడు. అతని చూపు అమ్మ కొంగులో ఉన్న పసుపు మూటమీద పడింది.

"ముడుపా, అమ్మా? అది ఈడ పెట్టి పోండి. గడియారాలు వదిలేసి పోయినోళ్ళను సూసినాను. స్వామి ముడుపు వదిలేసి పోయినోడు ఇంకా పుట్టలేదు."

నేను నిర్ఘాంతపోయాను. అతను గోడవైపు చూపించాడు. వెంకటేశ్వరస్వామి పటం పక్కన మేకులకు అప్పటికే మూడు ముడుపులు వేలాడుతున్నాయి, ఒక్కొక్కదానికీ పేరు రాసిన చీటీ. అంటే అప్పుడే ముగ్గురు యాత్రికులు ఊరిమీద సైకిళ్ళు తొక్కుతున్నారన్నమాట. ఇలాంటి వ్యాపారం ప్రపంచంలో ఇంకెక్కడైనా ఉందా అని నాకు ముచ్చట వేసింది.

అమ్మకు ముచ్చట వేయలేదు. "స్వామి సొమ్ము తాకట్టు పెడతారా నాయనా?"

"తాకట్టు కాదమ్మా, జామీను. మీ తరఫున స్వామి నిలబడతాడు, అంతే. నేలమీద పెట్టను, ఎంగిలి చేత్తో ముట్టను. అయితే దీపాలు పెట్టే లోపల రావాల. నా సైకిళ్ళకు లాంతర్లు లేవు, కిరసనాయిలు దొరకదు. రాకపోతే రేపు పొద్దున్నే నేనే కొండెక్కి హుండీలో వేసి వస్తా."

తన చేతులతో సమర్పిస్తానని మొక్కినది అమ్మ. అంగడివాడు వేస్తే మొక్కు చెల్లదని ఆమె భయం. మూటను రెండు చేతులా పట్టుకుని కొంతసేపు నిలబడింది. తర్వాత కాళ్ళు కడుక్కుని రమ్మని దొరస్వామికి చెప్పి, వచ్చాక తానే మేకుకు తగిలించింది. కడుక్కున్నవి అతని కాళ్ళే గానీ గ్రీజు చేతులు కావు. అది ఆమె చూడలేదు, నేను చెప్పలేదు.

ఒక హెచ్చరిక. మునిసిపాలిటీ లోపల ఒక సైకిలుమీద ఇద్దరు కనిపిస్తే పోలీసువాడు పట్టుకుంటాడు. అందుచేత మేమిద్దరం సైకిళ్ళు నడిపించుకుంటూ, ఆడవాళ్ళు వెనక నడుస్తూ, చివరి దీపస్తంభం దాకా పెళ్ళివారిలా పోయాము. స్తంభం దాటగానే ఎక్కడం మొదలైంది. చెంగల్రాయుడి వెనక రాజమ్మ ఒక్క గెంతులో కూర్చుంది. అమ్మకోసం వెనక గోనెపట్టా మడిచి కట్టాము. ఆమె ఎక్కి నా నడుము పట్టుకున్న పట్టుకు పూటకూళ్ళ భోజనం గొంతుదాకా వచ్చింది.

అరమైలు పోయేసరికి ఇద్దరం తుమ్మచెట్టు పక్కన కింద కూర్చుని ఉన్నాము. దెబ్బలేమీ తగల్లేదు. టైరులో ముక్క సరిగా లేదన్నాను.

"ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది" అన్నది నా భార్య. అంతటితో బండ్లు మారాయి. అమ్మ చెంగల్రాయుడి వెనకకు పోయింది, రాజమ్మ నా వెనకకు వచ్చి, "పడేటప్పుడు ముందు చెప్పండి, దూకేస్తాను" అన్నది. ఎదురొచ్చిన బండివాళ్ళు ఎద్దుల్ని ఆపి మరీ మమ్మల్ని చూశారు. రెండో మైలుకు అమ్మ బోదెలు, పొలాలు, అందరి ఇళ్ళ పెరళ్ళూ చూస్తూ, "కాస్త నిదానంగా పోప్పా, అంతా సూడాల గదా" అంటున్నది. సైకిలెక్కనన్న మనిషి ఈమేనా అనిపించింది.

ఒంటిగంటకు తిరుచానూరు. అమ్మవారికి బయటినుంచే దండం పెట్టి ఏట్లోకి దిగాము. ఇసుక మడమలదాకా కాలుతోంది. చెంగల్రాయుడు తన సైకిలు భుజానికెత్తుకున్నాడు. నేను నాది ఈడ్చాను. సన్నగా పారుతున్న పాయ దగ్గర అమ్మ నిలబడిపోయింది.

"నేను యెట్ల చెప్పేది రా? బాగుండాడు అని మాత్రం చెప్పి వచ్చేద్దామా? చెయ్యి సంగతి వాడొచ్చినాక వాడే చెప్పుకుంటాడు."

అదే మంచిదని నాకూ అనిపించింది. నిజం చెప్పాలంటే, అంతదూరం వచ్చి ఒకరి ఇంట్లో ఏడుపు మొదలుపెట్టడానికి నాకు ధైర్యం లేదు. రాజమ్మ మాత్రం, "వాడు చెప్పమన్నది చేతిమాటే గదత్తా" అన్నది. అమ్మ పాయ దాటింది.

మునెమ్మ ఇల్లు పల్లెలో చివరిది. ఆమె వాకిట్లో వేరుశనక్కాయలు ఒలుస్తూ ఉంది. నలభై అయిదేళ్ళుంటాయి, సన్నటి మనిషి. సైకిళ్ళమీద వచ్చిన కొత్తవాళ్ళను చూసి చేట కింద పెట్టి లేచింది, లేచిన తర్వాత ఒక్క అడుగు కూడా వెయ్యలేకపోయింది. ఆమె ఏమనుకున్నదో మా అందరికీ అర్థమైంది.

"బాగుండాడమ్మా, నీ కొడుకు బాగుండాడు" అన్నది అమ్మ వాకిట్లోనుంచే.

మునెమ్మ అలాగే నేలమీద కూర్చుంది. ఆమె కూతురు మాకు చాప వేసింది. చెంగల్రాయుడు సంచిలోని నిమ్మకాయలు ఇస్తే, రాజమ్మ వాటిని పిండి అందరికీ నీళ్ళు కలిపింది. ఆసుపత్రిలో ఉన్నాడనీ, అన్నం తింటున్నాడనీ, మా తమ్ముడు రోజూ చూసి వస్తున్నాడనీ అమ్మ చెప్పింది. మునెమ్మ అన్నీ విన్నది.

"నెలకొక కార్డు రాసేవాడక్కా. బాగుంటే ఎందుకు రాయలేదు?"

అమ్మ నావైపు చూసింది. నేను సైకిలు గంటవైపు చూశాను. అప్పుడు అమ్మ ఆమె దగ్గరికి జరిగి చెయ్యి పట్టుకుని, ఉన్నది ఉన్నట్టు చెప్పేసింది.

మునెమ్మ అరవలేదు. "ఏ చెయ్యి?" అన్నది.

"కుడి."

ఆమె తన రెండు చేతులూ ముందు పెట్టుకుని చూసుకుంది. చూస్తుండగా కళ్ళనుంచి నీళ్ళు కారాయి, ముఖంలో మాత్రం వేరే ఏదో కనిపించింది.

"వాడు పుట్టినకాణ్ణుంచీ పుర్రచెయ్యక్కా. ముద్ద ఎడమే, గోళీ ఎడమే. బడిలో ఏసినాక అయివారు ఆ చెయ్యిని మొలతాడుకు కట్టేసి కుడిచేత్తో దిద్దించినాడు. ఇప్పుకుంటే బెత్తంతో కొట్టేది. రేత్రిపూట వేళ్ళు వాచి ఏడుస్తా పండుకొనేవాడు. మూడేండ్లు కొట్టినాక మారినాడు."

కొంగుతో ముఖం తుడుచుకుని ఆమె నన్ను అడిగింది: "మీరు అయివారంట గదా సామీ. ఒక కార్డు రాస్తారా?"

జేబులో కార్డు, పెన్సిలు ఎప్పుడూ ఉంటాయి. ఆమె చెప్పిన మాటలు మార్చకుండా రాశాను.

"మునీ, అమ్మ చెప్పేది. అంతా తెలిసింది. నీ ఎడంచెయ్యి ఇప్పుకో నాయనా. ఇంక కొట్టే అయివారు ఎవురూ లేరు. దాంతో నాకు రెండు అక్షరాలు రాయి. వంకరగా ఉన్నా పర్వాలేదు, నాకు యెట్లా చదవను రాదు."

పెన్సిలు పట్టుకున్న నా వేళ్ళమీద రాజమ్మ చూపు ఉన్నదని తెలుస్తూనే ఉంది. కార్డు చివర పేరు రాసి లేచాను.

మూడున్నరకు బయలుదేరాము. మునెమ్మ ఏటిదాకా వచ్చి, ఇసుకలో నా సైకిలును తానే అవతలి గట్టుకు నెట్టింది. దీపస్తంభం దగ్గర దిగి, పొద్దు వాలకముందే దొరస్వామి అంగడి చేరాము. గోడమీద ముడుపు మాదొక్కటే మిగిలి ఉంది.

శనివారం తెల్లవారుజామున అలిపిరి దగ్గర మెట్లెక్కడం మొదలుపెట్టి పదకొండింటికి కొండమీద ఉన్నాము. చెంగల్రాయుడూ నేనూ తలనీలాలిచ్చాము. అమ్మ తన చేతులతోనే ముడుపు సమర్పించింది. ఆ దర్శనం గురించి రాసినవాళ్ళు చాలామంది ఉన్నారు, నేను కొత్తగా చెప్పేది లేదు. ఆదివారం చెంగల్రాయుడు గూడూరు బండెక్కాడు, మేము చిత్తూరు బండెక్కాము. కిటికీ పక్కన చోటు దొరికింది. కొండలు వెనక్కి జరుగుతుంటే, ఇంత చిన్న యాత్రలో ఇంత చూస్తామని అనుకోలేదు గదా అన్నాను. నాకు అన్నిటికన్నా ఆ జామీను పద్ధతే వింతగా తోచిందనీ, అది కాగితంమీద పెట్టదగ్గదనీ అన్నాను.

అమ్మ వినిపించుకోలేదు. పాకాల దాటాక అడిగింది: "మీ బడిలో పుర్రచేతోళ్ళు ఎందరుండారు?"

"ఇద్దరు" అన్నాను.

"నువ్వూ కట్టేస్తావా?"

"కట్టెయ్యనమ్మా. కొడతాను."

బండి పూతలపట్టు దాటేదాకా ఆమె నా గుండుమీద చెయ్యి వేసి నిమురుతూ కూర్చుంది. తిట్టి ఉంటే తేలికగా ఉండేది. నా సర్వీసు పదకొండేళ్ళు. ఆ ఇద్దరేనా, అంతకుముందు ఎందరు అని లెక్క వేయబోయి మానుకున్నాను.

"ఇంక కొట్టనులేమ్మా" అన్నాను చివరికి.

"నాతో చెప్తే ఏమొస్తాది?" అన్నది అమ్మ. "రేపు బడి ఉండాది గదా. వాళ్ళతో చెప్పు."